మార్కులు, మామిడిపళ్లు, ఆర్.కె. నారాయణ్



ఎనిమిది, తొమ్మిది తరగతుల పేరెంట్స్ మీటింగ్‌లో నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: "మేడమ్, ఈ స్టోరీ బుక్స్ వల్ల మార్కులు పెరుగుతాయా?" పెరుగుతాయని గ్యారంటీ ఇవ్వలేను. కానీ ఆ వయసులో చదివిన కథలు ఎటు తీసుకెళ్తాయో తెలియాలంటే ఆర్.కె. నారాయణ్ గారి ఆత్మకథ 'మై డేస్' చదవండి.

చిన్నప్పుడు ఆయన మద్రాసులో అమ్మమ్మ దగ్గర పెరిగారు. ఎక్కాలు, శ్లోకాలు, పురాణ కథలు ఆవిడే నేర్పారు. తర్వాత మైసూరులో, తండ్రి హెడ్‌మాస్టర్‌గా ఉన్న హైస్కూల్లో చదివారు. అంతటి హెడ్‌మాస్టర్ గారి అబ్బాయి కాలేజీ ఎంట్రన్స్‌లో ఫెయిలయ్యారు. అదీ ఇంగ్లీషులో! (అదే ఇంగ్లీషులో రాసిన 'ది గైడ్' నవలకు 1960లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది.)

మళ్లీ పరీక్ష రాసేదాకా ఏడాది ఖాళీ. ఇప్పుడైతే లాంగ్ టర్మ్ కోచింగ్‌లో వేసేవాళ్లం. ఆయన మాత్రం స్కాట్, డికెన్స్ నవలలు, తండ్రి టేబుల్ మీదికొచ్చే ఇంగ్లండ్ పత్రికలు చదువుతూ, రాస్తూ గడిపారు. ఆ రోజుల్లో ఏ రచయిత మనసులో ఉంటే ఆ రచయితలాగే రాసేవారట. ఇది ముఖ్యంగా గమనించండి. మీ పాప రాసిన కథ హ్యారీ పోటర్‌లా ఉంటే "కాపీ కొట్టావా?" అనకండి. సైకిల్ నేర్చుకునేటప్పుడు వెనక ఎవరో ఒకరు పట్టుకోవాలి కదా, అలాంటిదే.

నారాయణ్ గారికి తన సొంత ఊరు 1930లో దొరికింది. అదే మాల్గుడి, మ్యాపులో లేని ఊరు. ఆ ఊరి కుర్రాడి కథ 'స్వామి అండ్ ఫ్రెండ్స్'. చాలామంది పబ్లిషర్లు తిప్పి పంపాక, గ్రాహం గ్రీన్ సాయంతో 1935లో ఇంగ్లండ్‌లో అచ్చయింది. పెద్దలకు చిన్నగా కనిపించే పిల్లల భయాలు, అలకలు, స్నేహాలే ఇందులో కథ. నీతి చెప్పడం అసలు ఉండదు. అందుకే పిల్లలు వదలకుండా చదువుతారని నా అభిప్రాయం.

ఎనభై దాటాక కూడా ఆయన పిల్లలను మరిచిపోలేదు. 1989లో రాజ్యసభలో స్కూల్ బ్యాగుల బరువు గురించే మాట్లాడారు. తర్వాత 1992లో కేంద్రం చదువుల భారం మీద యశ్‌పాల్ కమిటీ వేసింది.

'స్వామి'లో ఒక లెక్క ఉంది. పది మామిడిపళ్లు పదిహేను అణాలైతే నాలుగు ఎంత? నాన్న ఎదురుగా కూర్చున్న స్వామికి వచ్చిన అనుమానం వేరు: ఆ పళ్లు పండాయా, కాయలేనా? ఈ ఆదివారం మీ ఇంట్లో ఈ లెక్క ఇచ్చి చూడండి. జవాబు ఆరు అణాలు. ఎవరైనా పళ్ల సంగతి అడిగితే మాత్రం, ముందు దానికి జవాబు చెప్పండి.