బై-యాంపింగ్: రెండో యాంప్ కొనేముందు ఇది చదవండి

మీ స్పీకర్ల వెనక నాలుగు టెర్మినల్స్ ఉండి, వాటిని కలుపుతూ చిన్న మెటల్ స్ట్రిప్స్ కనిపిస్తున్నాయా? అయితే వాటిని బై-యాంప్ చేయొచ్చు. అంటే ట్వీటర్‌కి ఒక యాంప్లిఫైర్, వూఫర్‌కి ఇంకోటి. ఐడియా బాగానే ఉంది. మరి దీనికోసం ఇంకో యాంప్ కొనడం అవసరమా? చూద్దాం.

ప్యాసివ్ బై-యాంపింగ్

ఇళ్లలో ఎక్కువగా చేసేది ఇదే. రెండు యాంప్‌లకీ ఫుల్ సిగ్నలే వెళ్తుంది. బేస్, ట్రెబుల్‌ని విడగొట్టే పని స్పీకర్ లోపలి క్రాసోవర్‌దే. 7.1 ఏవీ రిసీవర్‌లో ఖాళీగా ఉన్న సరౌండ్ బ్యాక్ ఛానెల్స్‌ని ఇలా వాడుకోవచ్చు. కానీ పవర్ సప్లై ఒక్కటే కాబట్టి పెద్ద తేడా రాదు. నాకైతే వినిపించలేదు. ఖర్చు లేదు కదా, ట్రై చేయండి.

యాక్టివ్ బై-యాంపింగ్

ఇందులో క్రాసోవర్ యాంప్‌ల కన్నా ముందే ఉంటుంది. స్పీకర్ లోపలిది తీసేయాలి. అసలు లాభం ఇక్కడే ఉంది, కానీ రెడీమేడ్ స్పీకర్లు విప్పి ఈ పని చేయమని నేను చెప్పను.

కనెక్ట్ చేసేటప్పుడు

పవర్ ఆఫ్ చేసి, ముందు ఆ మెటల్ స్ట్రిప్స్ తీసేయండి. మర్చిపోతే రెండు యాంప్‌ల అవుట్‌పుట్‌లూ కలిసిపోయి యాంప్ కాలిపోవచ్చు.

బ్యాలెన్స్ ఎలా?

రెండూ వేర్వేరు మోడల్స్ అయితే గెయిన్ తేడా ఉంటుంది. ట్వీటర్ యాంప్ గెయిన్ 3 డెసిబెల్స్ ఎక్కువైతే పాటలో 'స' అక్షరం చెవిలో గుచ్చుకుంటుంది. స్పీకర్లు కనెక్ట్ చేయకముందే ఒకే ప్రీ-అవుట్ నుంచి రెండిటికీ 60 హెర్ట్జ్ టోన్ ఇచ్చి, మల్టీమీటర్‌ని ఏసీ వోల్ట్స్‌లో పెట్టి కొలవండి. ఒకటి 1 వోల్ట్, ఇంకోటి 1.41 వోల్ట్ చూపిస్తే తేడా 3 డెసిబెల్సే. ఎక్కువున్నదాని గెయిన్ తగ్గించి సమానం చేయండి. వాల్వ్ యాంప్‌ని మాత్రం స్పీకర్ లేకుండా ఆన్ చేయొద్దు.

తర్వాత ఎడమ, కుడి. మీరు కూర్చునే చోటు నుంచి రెండు స్పీకర్లూ ఒకే దూరంలో ఉండాలి. పింక్ నాయిస్ ప్లే చేసి, ఫోన్‌ని అక్కడే కదపకుండా ఉంచి, సౌండ్ మీటర్ యాప్‌లో ఒక్కోదాన్నీ చూడండి. ఫోన్ చూపించే అంకె కచ్చితం కాకపోయినా రెండిటినీ పోల్చడానికి చాలు.

కొనాలా వద్దా?

బై-యాంప్ ముందూ తర్వాతా ఒకే వాల్యూమ్‌లో వినండి. కొంచెం గట్టిగా వినిపించేదే మన చెవికి బాగున్నట్టు అనిపిస్తుంది. అలా పోల్చినా తేడా తెలిస్తేనే కొనండి. లేదంటే ఆ డబ్బు మంచి స్పీకర్లకే పెట్టండి.