తుఫానుకు కుడి పక్క, ఎడమ పక్క

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖపట్నం మీద పడింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర నేల మీదికొచ్చింది. మూడుసార్లూ టీవీ తెర అడుగున ఒకే రకం వార్త నడిచింది: గంటకు ఇన్ని కిలోమీటర్ల గాలులు. ఫైలిన్‌కు 200 పైన, హుద్‌హుద్‌కు సుమారు 180, తిత్లీకి 140 నుంచి 150. ఆ అంకెల ప్రకారమైతే శ్రీకాకుళం జిల్లాను ఎక్కువగా దెబ్బతీయాల్సింది ఫైలిన్. కాని ఆ జిల్లాలోని ఉద్దానం ప్రాంతపు కొబ్బరినీ జీడిమామిడినీ నేలమట్టం చేసింది మూడింటిలో చిన్నదైన తిత్లీ.

దీనికి దూరం ఒక కారణం. ఫైలిన్ ఒడిశా వైపు దాటింది, తిత్లీ ఉద్దానం నడినెత్తికే వచ్చింది. అంతగా చెప్పుకోని రెండో కారణం ఒకటుంది, అది దిక్కు.

దిక్కు సంగతి ఎత్తకుండా ఎంత జోరో మాత్రమే చెబితే దాన్ని బడి పుస్తకాలు వడి అంటాయి. ఏ దిక్కుకో కూడా చేర్చి చెబితే అది వేగం. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా రాసేసి మరిచిపోయే ఈ తేడా తుఫాను వేళ ఇంటి పైకప్పు నిలుస్తుందా ఎగిరిపోతుందా అన్నంత పెద్దదవుతుంది.

తుఫానులో కదలికలు రెండు. ఒకటి దాని కేంద్రం చుట్టూ గాలి తిరగడం. వార్తల్లో వినబడే 150 ఈ గాలిది. రెండోది ఆ సుడి మొత్తం సముద్రం మీద ముందుకు జరగడం. ఇది చాలా నెమ్మది, సాధారణంగా గంటకు పది నుంచి ఇరవై కిలోమీటర్లు, అంటే సైకిలు తొక్కేవాడి జోరు. "తుఫాను 150 కిలోమీటర్ల వేగంతో తీరం వైపు దూసుకొస్తోంది" అని చదివేవాళ్లు ఈ రెండింటినీ కలిపేస్తున్నారు. అదే నిజమైతే మధ్యాహ్నం 300 కిలోమీటర్ల దూరంలో ఉన్న తుఫాను రెండు గంటల్లో మన గుమ్మంలో ఉండాలి. జనాన్ని తరలించడానికి రోజంతా సమయం దొరుకుతోందంటే అది ఈ నెమ్మది నడక వల్లే.

గాలి అసలు ఎందుకు తిరుగుతుంది? కదిలే వస్తువును ఏదీ అడ్డగించకపోతే, పక్కకు లాగకపోతే, అది అదే వడితో తిన్నగా పోతూ ఉంటుందని న్యూటన్ 1687లో రాశాడు. ఆ గుణమే జడత్వం. గాలికీ బరువుంది కాబట్టి దానికీ జడత్వం ఉంది. అల్పపీడనం నాలుగు వైపుల నుంచి గాలిని లోపలికి లాగుతుంది. ఆ గాలి తన దారిన తిన్నగా పోబోతుంటే కింద భూమి తిరిగిపోతుంది. అందుకని నేల మీద ఉన్న మనకు, ఉత్తరార్ధగోళంలో, ఆ గాలి తన కుడి పక్కకు ఒరిగినట్టు కనిపిస్తుంది. లోపలికి లాగే పీడనం, తిన్నగా పోవాలనే జడత్వం, ఈ ఒరుగుడు మూడూ కలిసి గాలిని గడియారం ముల్లుకు ఎదురుదిశలో తిప్పుతాయి. గుండ్రంగా తిరిగే గాలి వడి ఒకటే ఉన్నా దాని వేగం మాత్రం క్షణక్షణం మారుతుంది, ఎందుకంటే దిక్కు మారుతోంది.

ఇప్పుడు ఈ సుడి వాయవ్యంగా మన తీరానికి వస్తోందనుకుందాం. దాని కుడి పక్క, అంటే ఈశాన్యం వైపు, గాలి తిరిగే దిక్కూ తుఫాను నడిచే దిక్కూ ఒకటే. రెండూ కూడుతాయి. ఎడమ పక్క అవి ఎదురెదురు, ఒకదాంట్లోంచి ఒకటి తీసేయాలి. తిరిగే గాలిది 130, నడకది 15 అని పెట్టుకుంటే కుడి పక్క 145, ఎడమ పక్క 115. తేడా ముప్పయ్యేగా అనిపిస్తుంది. అయితే గాలి తోపు వడి వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఈ లెక్కన కుడి పక్క గోడ మీద పడే తోపు ఎడమ పక్కదానికి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. పైగా కుడి పక్క గాలి సముద్రాన్ని ఊరి మీదికి నెడుతుంది, ఎడమ పక్క గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. ఫైలిన్‌కు శ్రీకాకుళం ఎడమ పక్కన ఉంది. హుద్‌హుద్‌కు విజయనగరం, శ్రీకాకుళం రెండూ కుడి పక్కన పడ్డాయి.

ఆ తోపు ఎంతటిదో లెక్క కట్టొచ్చు. ఒక ఘనమీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగుతుంది. గంటకు 150 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 42 మీటర్లు. ఒక చదరపు మీటరు తలుపు మీదికి ప్రతి సెకనూ 50 కిలోల గాలి వచ్చి పడుతుందన్నమాట. ఇంత బరువును ఆపడమో పక్కకు మళ్లించడమో చేయాల్సింది ఆ తలుపే. కొబ్బరి చెట్టుకు ఇంకో కష్టం ఉంది. బరువైన తల పైన, సన్నటి మాను కింద. విసురు ఆగినా తల ఆగదు, తన జడత్వంతో ఇంకా ఊగుతుంది. తల గాలి పోయే దిక్కుకే ఊగుతున్నప్పుడు అదను చూసినట్టు మళ్లీ విసురు తగిలితే ఊపు పెరుగుతూ పోతుంది. అలా పడిపోయిన చెట్టు చోట నాటిన మొక్క కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. ఉద్దానంలో ఆ నష్టాన్ని ఒక్క ఏడాది పంట లెక్కలో చూపించడం అన్యాయమని నేననుకుంటాను.

తుఫాను కన్ను, అంటే దాని కేంద్రం, నెత్తి మీదుగా పోయే ఊళ్లో మరీ జాగ్రత్త కావాలి. వాయవ్యంగా వచ్చే తుఫానుకు ముందున్న ఊరికి గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. కన్ను పైకి రాగానే నిశ్శబ్దం. కాసేపటికి నైరుతి నుంచి అదే వడితో మళ్లీ గాలి. అంకె మారలేదు, వేగం పూర్తిగా తిరగబడింది. మొదటి గాలికి ఒక పక్కకు వంగి నిలిచిన చెట్టూ, ఒక పక్క వదులైన రేకుల కప్పూ ఈసారి రెండో పక్క నుంచి దెబ్బ తింటాయి. ఆ మధ్య విరామంలో పశువులను చూసొద్దామని వెళ్లేవాళ్లను ఇంట్లోవాళ్లు పట్టి ఆపాలి.

కేంద్రం ఎటుందో తెలుసుకోవడానికి పరికరాలు లేకపోయినా ఒక మార్గం ఉంది. 1857లో నెదర్లాండ్స్ వాతావరణ శాస్త్రవేత్త బైస్ బలాట్ ప్రకటించిన సూత్రం ఇది: ఉత్తరార్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం మీ ఎడమ చేతి వైపు ఉంటుంది. నేల రాపిడి వల్ల కొంచెం ముందుకు జరిగి ఉంటుంది, అంతే. కళింగపట్నం, బారువ రేవుల్లో పిల్లలకు దీన్ని ఇసుకలో నిలబెట్టి నేర్పవచ్చు.

తిత్లీ పలాస దాటాక తిన్నగా పోలేదు. ఒడిశాలోకి వెళ్లి ఈశాన్యానికి మళ్లింది, మర్నాటికి వాయుగుండంగా బలహీనపడింది. ఆ మలుపులో గజపతి జిల్లా కొండల మీద కుండపోత కురిసింది. గాలి తగ్గిందనుకున్న శ్రీకాకుళం జిల్లాకు ఆ నీరు వంశధారలో, ఈసారి కొండల వైపు నుంచి, వరదై దిగింది.