బండి యొకటే, ఎడ్లు వేరు

చోడవరము చుట్టుప్రక్కల చెఱకు నఱుకు కాలము వచ్చెనన్న, గోవాడ చక్కెర కర్మాగారమునకు పోవు దారి యొకప్పుడు ఎడ్లబండ్లతో నిండిపోయెడిది. చోడవరము నాడు విశాఖపట్టణము జిల్లాలోనిది. 2022 నుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. ఆ బండ్లు తోలిన రైతు నడిగినచో నొక సంగతి చెప్పును. చెఱకు బరువు లాగు ఎడ్లు వేరు, పరుగు పందెమునకు కట్టు ఎడ్లు వేరు. వానికి మెడబలము వలయును. వీనికి కాలివడి వలయును. బండి యొకటే యైనను, కాడికి కట్టిన జతను బట్టి దాని నడకయు, రైతునకు మేతకగు ఖర్చును మాఱిపోవును.

విద్యార్థులారా! మోటారు కారునకు ఎడ్లు దాని యింజనే. కర్మాగారమువారే ఒక కారును పలురకముల ఇంజన్లతో తయారుచేసి, ఏది కావలయునో కోరుకొనుమని కొనువానికి చెప్పుట అమెరికా దేశమున 1960 తరువాతి దశాబ్దమున గొప్ప వేడుకగా సాగినది. మిక్కిలి బలమైన యింజన్లు గల యట్టి కార్లకు అచ్చట 'మజిల్ కార్లు', అనగా కండలుగల కార్లు, అని పేరు వచ్చినది.

ఈ వేడుకకు ఊపు తెచ్చినది 1964 నాటి పాంటియాక్ జి.టి.ఓ. జనరల్ మోటార్సు సంస్థవారు మధ్యతరహా కార్లలో 330 ఘనపుటంగుళములకు మించిన యింజను పెట్టరాదని తమ శాఖలకు కట్టడి చేసియుండిరి. సిలిండర్లలో పిస్టన్లు కదలాడు చోటి మొత్తము పరిమాణమే ఈ లెక్క. పాంటియాక్ శాఖ ప్రధాన ఇంజనీరు జాన్ డిలోరియనును, అతని తోడివారును పెద్ద కార్లకై చేసిన 389 ఘనపుటంగుళముల యింజనును 'టెంపెస్ట్' అను కుటుంబపు కారులోనికి దించిరి. అది చక్కగా పట్టినది. క్రొత్త కారని ప్రకటించినచో పైవారి అనుమతి కావలయును. కావున దానిని క్రొత్త కారనక, అదనపు సొమ్మిచ్చి కోరుకొనదగిన హంగుగా పాత కారు జాబితాలోనే చేర్చిరి. నియమమును దాటలేదు, దాని ప్రక్కగా నడిచిపోయిరి! తొలియేడే 32,000కు పైగా కార్లు అమ్ముడుపోయెను. అమ్మకము లట్లుండగా తప్పుపట్టు వర్తకు డెవడు?

జి.టి.ఓ.లోనే మరల రెండు తరగతు లుండెను. ఒకే కార్బ్యురేటరు గలది 325 అశ్వబలములది. మూడు కార్బ్యురేటర్లు గలది 348 అశ్వబలములది. గాలిని పెట్రోలుతో కలిపి ఇంజనునకు అందించునదే కార్బ్యురేటరు. పొయ్యికి ఊదుట హెచ్చినకొలది మంట హెచ్చునట్లు, లోపలికి పోవు మిశ్రమము హెచ్చినకొలది ఇంజను బలము హెచ్చును.

1966లో క్రైస్లర్ సంస్థ సామాన్య జనులకు 'హెమీ' అను యింజనును అమ్మజూపెను. పరిమాణము 426 ఘనపుటంగుళములు, బలము 425. సిలిండరు పైకప్పు బోర్లించిన కొబ్బరిచిప్పవలె నుండుటచే, అందు పెద్ద కవాటములు ఎదురెదురుగా అమరి, గాలి ధారాళముగా వచ్చిపోవును. 1970 నాటి షెవెల్ కారు ఇంకను ఆశ్చర్యకరము. ఆరు సిలిండర్లతో 155 అశ్వబలముల యింజను కోరుకొనవచ్చును. ఎనిమిది సిలిండర్లతో, ఇంచుమించు ఏడున్నర లీటర్ల పరిమాణముతో, 450 అశ్వబలముల దానిని కోరుకొనవచ్చును. పైకి రెండును ఒకే కుదురున పుట్టిన కార్లే.

ఈ అంకెలను చదువునపుడు కొంచెము జాగ్రత్త వలయును. ఆ దినములలో ఇంజనును కారునుండి వేరుచేసి, బల్లపై నిలిపి, దానికి భారమగు పరికరములను తొలగించి బలము కొలిచెడివారు. ఎద్దును బండికి కట్టకయే బలము చెప్పినట్లన్నమాట! 1972 నుండి కారులో ఉండు హంగులన్నిటితో కొలుచు పద్ధతి రాగా అంకెలు చప్పున పడిపోయెను. అప్పటికే బీమా సంస్థలు ఇట్టి కార్లు నడపు యువకులనుండి అధికముగా రాబట్టుచుండెను. 1970 నాటి చట్టము పొగపై ఆంక్షలు పెట్టెను. 1973లో అరబ్బు దేశములు చమురు నిలిపివేసెను. వేడుక ముగిసెను.

మన దేశమున ఇంజను నెన్నుకొనుట వేడుక కాదు, బ్రతుకుతెరువు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అను ఇంగ్లీషు కారును అనుసరించి బెంగాలులోని ఉత్తరపాడలో హిందూస్థాన్ మోటార్సువారు తయారుచేసిన అంబాసిడరును మీ పెద్దలెల్ల ఎరుగుదురు. మొదట దానికి 1,476 ఘన సెంటీమీటర్ల యింజను. కవాటములు సిలిండరు ప్రక్క నుండెడివి. 1959లో కవాటములు తలపై గల 1,489 ఘన సెంటీమీటర్ల యింజను వచ్చినది. పరిమాణములో భేదము పదమూడే. కాని గాలి వంకరలు తిరుగక తిన్నగా లోపలికి పోవుటచే బలము హెచ్చి 55 అయ్యెను.

1980లో అదే 1,489 పరిమాణముతో డీజిలు ఇంజను వచ్చినది. దాని బలము 37 మాత్రమే! అయినను టాక్సీవారు దానికై ఎగబడిరి. డీజిలు ఇంజనులో నిప్పురవ్వతో పనిలేదు. గాలిని గట్టిగా నొక్కి వేడెక్కించి, అందు నూనెను చిమ్మగా నదే మండును. అట్లు మండుటచే లీటరునకు పోవు దూరము హెచ్చు. నాడు డీజిలు ధరయు పెట్రోలు ధరకంటె చాల తక్కువ. అద్దెకారు నడుపువానికి సాయంకాలము ఇంటికి తీసికొనిపోవు రూపాయలే ముఖ్యము గాని, అశ్వబలములు కావు. చోడవరము నుండి మాడుగుల మీదుగా పాడేరు ఘాటీ ఎక్కునపుడు నిండుకారు రొప్పుచు, మొదటి గేరులో మెల్లగా ప్రాకుచుండెడిది. ఆ గేరులో ఇంజను పెక్కుమార్లు తిరిగిన గాని చక్ర మొక్కమారు తిరుగదు. వడి తగ్గి లాగుడు హెచ్చును. ప్రయాణికులు విసుగుకొన్నను బండి కొండ నెక్కెడిది.

పెట్రోలు అంబాసిడరు ఉన్నవారు ఊరకుండలేదు. మెటడార్ వ్యానునకు వాడు డీజిలు ఇంజనును పలువురు మెకానిక్కుల చేత తమ కార్లలో బిగింపించుకొనిరి. కర్మాగారము ఈయని ఎంపికను వర్కుషాపు ఇచ్చెను. తరువాత జపాను ఇసుజు సంస్థ రూపొందించిన 75 అశ్వబలముల పెట్రోలు ఇంజనును వచ్చినది గాని, కారు రూపు పెద్దగా మాఱలేదు. 2014లో ఉత్తరపాడలో తయారీ ఆగిపోయినది.

నేడు అమెరికాలో ఆనాటి కార్లు సేకరించువారు మొట్టమొదట ముందుమూత యెత్తి, ఇంజనుపై చెక్కిన అంకెలను చూతురు. అది కర్మాగారమున పెట్టిన యింజనే యని తేలినచో వెల హెచ్చును. మన టాక్సీ స్టాండులలో పాత అంబాసిడరు బేరమాడువాడును మూత యెత్తి చూచెడివాడే. అంకెల జోలికి పోక, "పెట్రోలా, డీజిలా?" అని మాత్ర మడిగెడివాడు.