విశ్వసాహిత్య పరిశోధన - భాషాభ్యాసము: భిలాయి నిదర్శనము

'విశ్వసాహిత్యము' అను భావన 1827లో ఎకర్మన్‌తో గోతే జరిపిన సంభాషణ వలన ప్రసిద్ధి కెక్కెను. 1907లో రవీంద్రనాథ ఠాకూరు అదే పేరిట కలకత్తాలో ఉపన్యసించెను. 1956లో బుద్ధదేవ బసు పూనికతో జాదవపూరు విశ్వవిద్యాలయమున తులనాత్మక సాహిత్యశాఖ వెలసెను. ఇంత చరిత్ర గల ఈ విద్యలో డాక్టరేటు సిద్ధాంతగ్రంథమును పరీక్షించునపుడు, అభ్యర్థి ఎన్ని దేశముల గ్రంథములను పరిశీలించెనన్న ప్రశ్న కంటె, వానిని ఏ భాషలో చదివెనన్న ప్రశ్న ముఖ్యమైనది. ఇందుకు భిలాయి మంచి నిదర్శనము.

1955లో సోవియట్ ప్రభుత్వముతో కుదిరిన ఒడంబడికను బట్టి అచట ఉక్కు కర్మాగారము ఏర్పడెను. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు తొలి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించెను. పలు ప్రాంతములనుండి వచ్చినవారితో పాటు తెలుగు కుటుంబములును అచట స్థిరపడెను. ఇట్టి ఊరిలో రష్యా సంబంధమే 'విశ్వము' అనియు, ఛత్తీస్‌గఢీ కేవలము స్థానికమనియు తలచుట సులభము. అది పొరపాటు.

భిలాయికి చేరువనున్న గనియారిలో జన్మించిన తీజన్ బాయి ఆ కర్మాగారమున ఉద్యోగము చేసినది. ఆమె పండవాని గానమును దేశదేశములకు చేర్చినది. 2019లో పద్మవిభూషణ పురస్కారము నందినది. పండవాని ఛత్తీస్‌గఢీలో పాడు భారతకథ. భీముడందు ప్రధాన నాయకుడు. వేదమతి శైలిలో గాయకుడు కూర్చుండి పాడును. కాపాలిక శైలిలో లేచి అభినయించును. చేతి తంబురాయే గదయగును, ధనుస్సగును. ప్రక్కనుండు 'రాగీ' ఊ కొట్టుచు, ప్రశ్నలు వేయుచు కథను నడిపించును.

తెలుగువారికి ఇది వినగానే బుర్రకథ స్ఫురించును. తంబురా ధరించిన కథకుడు, వంతలు ఇందును కలరు. కాని పోలిక చెప్పుటతో పరిశోధన ముగియదు. బుర్రకథలో హాస్యమొక వంతకు, లోకవ్యాఖ్య మరియొక వంతకు పంచబడినవి. ఆ పనులలో రాగీ వేనిని నిర్వహించును? ఏ పలుకుతో శ్రోతల పక్షమున నిలుచును? కథాసారమును మాత్రమే ఇచ్చు అనువాదమున ఈ పలుకులు నిలువవు. ఛత్తీస్‌గఢీ నేర్చి, ప్రదర్శనమును ఆలకించినవానికే అవి దక్కును.

విశ్వవిద్యాలయముల నిధుల సంఘము 2022లో చేసిన నిబంధనల ప్రకారము పిహెచ్.డి. కనీసకాలము 3 సంవత్సరములు; కోర్సు అధ్యయనమునకు కనీసము 12 క్రెడిట్లు. రెండవ భాషను స్వయంకృషికి వదలక, ఈ అధ్యయనమున భాగముగా నేర్పుట శాఖల విధి. లేనిచో పరిశోధకుడు అనువాదముల సామ్యమును సాహిత్యముల సామ్యముగా భ్రమించును. పొరుగువాని పలుకును వినలేని పరిశోధన విశ్వసాహిత్యమను పేరునకు తగదు.