ఫిటన్: ఒక బండి పేరు ప్రయాణం

బీదరు జిల్లాలోని ఖటక్ చించోళి 1956 అక్టోబరు వరకు హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. ఆ సీమలో కన్నడం, మరాఠీ, ఉర్దూ, తెలుగు పక్కపక్కనే వినిపిస్తాయి. అటువంటి చోట ఒక మాట ఏ భాషదో చెవితో తేల్చలేము. గుర్రపు బండ్ల పేర్లే ఇందుకు నిదర్శనం.

ఉర్దూ, హిందీ భాషలలో ‘ఫిటన్’ అంటే నాలుగు చక్రాల, పైకప్పు తెరచి ఉండే సొగసైన గుర్రపు బండి. మాట తీరు చూసి పారసీ పదమని పొరబడే అవకాశం ఉంది. నిజానికి ఇది ఇంగ్లీషు ‘ఫేటన్’కు మన దేశపు రూపం. ఇంగ్లీషులోకి ఫ్రెంచి నుంచి, ఫ్రెంచిలోకి గ్రీకు పురాణం నుంచి వచ్చింది.

ఆ పురాణంలో ఫేథన్ సూర్యుని కొడుకు. ఒక్కరోజు తండ్రి రథం తోలతానని పట్టుబట్టాడు. గుర్రాలు అతనికి లొంగలేదు, భూమి మాడిపోసాగింది. చివరకు దేవతల రాజు పిడుగు వేసి అతణ్ణి పడగొట్టాడు. మన సూర్యరథానికి అనూరుని వంటి సారథి ఉన్నాడు కనుక ఏడు గుర్రాలైనా దారి తప్పవు.

18వ శతాబ్దిలో యూరపువారు పెద్ద చక్రాలతో తేలికగా చేసిన బండికి ఈ పేరు పెట్టడంలో ఔచిత్యం ఉంది. యజమాని సరదాగా తానే తోలే బండి అది. వాటిలో మరీ ఎత్తయిన రకాలకు వేగమూ ఎక్కువే, బోల్తాపడే ప్రమాదమూ ఎక్కువే. తరువాత ఎత్తు తగ్గిన రకాలు వచ్చాయి. మన దేశంలో పగ్గాలు కోచ్‌వాన్ చేతికి వచ్చాయి. ఈ ‘కోచ్’ హంగరీలోని ఒక ఊరి పేరు. ‘కోచ్‌మన్’ అన్న ఇంగ్లీషు మాట ‘గాడీవాన్’ పోలికలో ‘కోచ్‌వాన్’ అయింది.

సామాన్యులు ఎక్కింది రెండు చక్రాల, ఒంటి గుర్రపు జట్కా. హిందుస్తానీలో ‘ఝట్కా’ అంటే కుదుపు. ఉక్కు స్ప్రింగుల మీద సాగిన బండికి పురాణపురుషుని పేరు, జనం ఎక్కిన బండికి కుదుపు పేరు దక్కాయి. పేర్లలో సమాజపు అంతరువులు కూడా కనిపిస్తాయని దీనివల్ల తెలుస్తుంది.

గుర్రాలు పోయినా ‘ఫేటన్’ పోలేదు. తొలినాటి తెరిచిన మోటారు కార్లకు ఆ పేరే పెట్టారు. ఒక జర్మన్ సంస్థ 2002 నుంచి 2016 వరకు అదే పేరుతో కారు తయారుచేసింది. మన ఊళ్ల మాటలకు అటువంటి ఆసరా లేదు. కనుక విద్యార్థులు తమ ఇళ్లలోని పెద్దలను అడిగి బండి, పగ్గం, కొరడా, తోలేవాడు, వీటి పేర్లను విన్నది విన్నట్టే రాసుకోవాలి. ఏ ఊరిలో, ఏ ఇంటి భాషలో విన్నారో కూడా పక్కనే గుర్తించాలి. వ్యుత్పత్తి విచారం ఆ తరువాతి పని.