కారు కంటె కాగితాలకే గిరాకీ
అమెరికా పాత ‘మజిల్’ కార్ల విక్రయంలో ధర నిర్ణయించేది రికార్డులే

వెలిసిన ఆకుపచ్చ రంగు, అక్కడక్కడ తుప్పు, చొట్టలు. పైమెరుగులేవీ దిద్దని 1968 నాటి ఫోర్డ్ మస్టాంగ్ జి.టి. కారుకు 2020 జనవరి 10న అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం కిస్సిమీలో మీకమ్ సంస్థ జరిపిన వేలంలో పాట 34 లక్షల డాలర్ల వద్ద ముగిసింది. వేలం రుసుముతో కలిపి కొనుగోలుదారు చెల్లించవలసింది 37.4 లక్షల డాలర్లు. నాటి మారకపు విలువ ప్రకారం అది 26 కోట్ల రూపాయలకు పైమాటే. న్యూజెర్సీలోని ఒక కుటుంబం 1974లో ఈ కారును కొన్నది 6 వేల డాలర్లకు!

‘బులిట్’ చిత్రంలో నటుడు స్టీవ్ మెక్వీన్ నడిపిన కారు కావడం ఈ ధరకు ఒక కారణం. అయితే ఆ మాట ఎవరైనా చెప్పుకోవచ్చు. దానిని రుజువు చేసే ఆధారాలు ఉండడమే అసలు కారణం. కారును తిరిగి తనకు అమ్మవలసిందిగా కోరుతూ మెక్వీన్ 1977లో రాసిన లేఖను ఆ కుటుంబం భద్రపరచింది. చిత్రీకరణ సమయంలో కెమెరాలు బిగించిన ఆనవాళ్లు కారు అడుగున చెక్కుచెదరలేదు. ఛాసిస్ నంబరు రికార్డులతో సరిపోయింది. దశాబ్దాల అజ్ఞాతవాసం తరువాత 2018 జనవరిలో డెట్రాయిట్ ప్రదర్శనలో కారు వెలుగు చూసింది. అదే చిత్రంలో వాడిన రెండవ మస్టాంగ్ 2017లో మెక్సికోలోని తుక్కు సామానులో బయటపడినప్పుడు దానిని గుర్తుపట్టించింది కూడ ఛాసిస్ నంబరే.

నకిలీల బెడద

మధ్యతరహా కారులో పెద్ద ఇంజను అమర్చి, యువతకు అందుబాటు ధరలో అమ్మినవే ‘మజిల్’ కార్లు. 1964లో వచ్చిన పాంటియాక్ జి.టి.ఓ. ఈ ఒరవడికి ఊపునిచ్చింది. 1970 దశకంలో బీమా భారం, కాలుష్య నిబంధనలు, చమురు సంక్షోభం కలసి ఆ శకానికి తెరదించాయి.

ధరలు పెరిగేకొద్దీ నకిలీలూ పెరిగాయి. 1964, 65 సంవత్సరాలలో జి.టి.ఓ. ప్రత్యేక మోడల్ కాదు. లెమాన్స్ కారుకు అదనపు ధరపై ఇచ్చిన హంగుల సముదాయం. కనుక ఛాసిస్ నంబరు చూసి అది జి.టి.ఓ. అవునో కాదో చెప్పలేము. సాధారణ లెమాన్స్‌కు జి.టి.ఓ. బిళ్లలు తగిలించి అమ్మడం తేలిక. కొనేవారికి రక్ష పాంటియాక్ కర్మాగారపు రికార్డుల ప్రతి ఒక్కటే.

అన్ని కంపెనీల రికార్డులు ఒకే రీతిగా లేవు. ఫోర్డ్ సంస్థ 1967 నుంచి తయారుచేసిన కార్ల వివరాలు మార్టీ అనే సంస్థ వద్ద లభిస్తాయి. అమెరికాలో తయారైన షెవ్రొలే కార్లకు ఆ సదుపాయం లేదు. పెట్రోలు ట్యాంకు మీదనో, సీటు స్ప్రింగుల మధ్యనో కర్మాగారపు కార్మికులు వదిలేసిన ‘బిల్డ్ షీట్’ కాగితం దొరికితే యజమాని పంట పండినట్లే. ఇంజను మీది నంబరును చెరిపి కొత్తది చెక్కే మోసగాళ్లు కూడ ఉన్నందున నంబరు ఒక్కటే చాలదు. దానికి కాగితం తోడు కావాలి.

అమ్మేవారి జాగ్రత్తలు

అందువల్ల అనుభవజ్ఞులైన విక్రేతలు కారుకు మెరుగు పెట్టడానికి ముందు దస్త్రం సిద్ధం చేసుకుంటారు. తొలి అమ్మకపు రసీదు, కారు అద్దానికి అతికించిన ధరల పత్రం, పాత యజమానుల వరుస, మరమ్మతు బిల్లులు, నంబర్ల ఫొటోలు అందులో ఉంటాయి. మార్చిన భాగాలను దాచిపెట్టడం కంటె ముందే చెప్పడం లాభదాయకం. దాచిన విషయం తనిఖీలో బయటపడితే మిగిలిన కాగితాలను కూడ ఎవరూ నమ్మరు. తొందరపడి కొత్త రంగు వేయిస్తే కర్మాగారపు రంగు అనే సాక్ష్యమే చెరిగిపోతుంది.

ఈ సూత్రానికి భారతదేశంలో కూడ గుర్తింపు లభించింది. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పులు లేని వాహనాలకే ‘వి.ఎ.’ శ్రేణి నంబరు లభిస్తుంది. దరఖాస్తుతో పాటు పాత రిజిస్ట్రేషన్ పత్రం, విదేశీ వాహనమైతే దిగుమతి పత్రం జత చేయాలి. తాతల నాటి కారు షెడ్డులో ఉన్నవారు ముందుగా వెదకవలసింది మెకానిక్‌ను కాదు, ఇంట్లోని పాత ట్రంకుపెట్టెను.