ఆపే మాత్ర వేరు, తీసే మాత్ర వేరు

కండోమ్ చిరిగినప్పుడో, రోజూ వేసుకునే మాలా-ఎన్ మాత్ర వరసగా మూడు రోజులు మరిచిపోయినప్పుడో, ఏ జాగ్రత్తా లేకుండా కలిసినప్పుడో వేసుకునే అత్యవసర మాత్రను ‘కడుపు పోగొట్టే బిళ్ళ’ అనుకునేవాళ్లు ఇప్పటికీ ఎందరో. పాపమని భయపడే ఇల్లాలు దాని జోలికే పోదు. భయం లేని ఆమె నెల తప్పాక అడుగుతుంది. ఇద్దరికీ నష్టమే, కారణం ఒక్కటే: ఆ మాత్ర ఎప్పుడు, ఎలా పనిచేస్తుందో ఎవరూ విడమరచి చెప్పకపోవడం. ఐ-పిల్ అన్నా, అన్‌వాంటెడ్-72 అన్నా, ప్రభుత్వం ఇచ్చే ఈజీ పిల్ అన్నా లోపల ఉండే మందు లెవోనార్జెస్ట్రెలే, 1.5 మిల్లీగ్రాములు. అండాశయం నుంచి అండం విడుదల కాకుండా అది కొన్ని రోజులు వాయిదా వేస్తుంది. వీర్యకణాలు స్త్రీ శరీరంలో 5 రోజుల వరకు బతకగలవు. విడుదలైన అండం ఒక్క రోజుకు మించి బతకదు. కాబట్టి కలయికకూ గర్భం నిలవడానికీ మధ్య చాలాసార్లు కొంత ఎడం ఉంటుంది. మాత్ర పని అంతా ఆ ఎడంలోనే. గర్భసంచిలో కుదురుకున్న పిండాన్ని అది కదిలించలేదు. తెలియక గర్భిణి వేసుకున్నా బిడ్డకు హాని జరిగినట్టు ఆధారాలు లేవు. గర్భం తీసేవి మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టోల్ అనే వేరే మందులు. వాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు.

మాత్ర పని ఆ ఎడంలోనేనని అర్థమైతే గంటల విలువ దానంతటదే తెలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పలు దేశాల్లో జరిపించిన అధ్యయనం 1998లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. మొదటి 24 గంటల్లో మాత్ర మొదలుపెట్టినవారిలో, రావలసిన గర్భాల్లో 95 శాతం ఆగాయి. రెండో రోజు మొదలుపెట్టినవారిలో 85 శాతం, మూడో రోజు 58 శాతమే. పెట్టె మీద 72 గంటలని ఉంది కదా, ఎల్లుండి చూద్దామనుకోవడం ఎంత ప్రమాదమో ఈ అంకెల్లోనే ఉంది. మిరప కోతల రోజుల్లో తెల్లారకముందే ఆటో ఎక్కి చేలోకి పోయి, పొద్దుగూకాక ఇల్లు చేరే కూలీకి ఒక రోజు ఇట్టే గడిచిపోతుంది. పైగా మార్టూరు లాంటి ఊళ్లో మందుల షాపతను వరసకు బాబాయో, అన్నో అవుతాడు. అతన్ని అడగలేక చిలకలూరిపేట పోయే పని పడేదాకా ఆగితే మందు బలంలో మంచి భాగం దారిలోనే పోతుంది. 2005 నుంచి ఈ మాత్రకు డాక్టరు చీటీ అక్కర్లేదు, ఆశా కార్యకర్తల ద్వారానూ అందుతుంది. ఆశాను అడగడం షాపులో నిలబడి అడగడం కన్నా సులువు.

మన దగ్గర ఈ మాత్ర గురించిన అజ్ఞానానికి ఇంకో మూలం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 70 శాతం కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవారే. కండోమ్, మాత్రలు, లూప్ కలిపినా రెండు శాతానికి చేరవు. పెళ్లికీ ఆపరేషన్‌కీ మధ్య ఉన్న ఏళ్లను మన వ్యవస్థ దాదాపు గాలికి వదిలేసింది. ఆ ఏళ్లలో కొందరు దంపతులు నమ్ముకునేది ‘సేఫ్ పీరియడ్’. అది ఎంత సేఫో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 2000లో వచ్చిన పరిశోధన చూపింది: గర్భం నిలిచే రోజులన్నీ పుస్తకాల్లో చెప్పినట్టు నెలసరి మొదలైనప్పటి నుంచి 10వ రోజుకీ 17వ రోజుకీ మధ్యే పడింది సుమారు 30 శాతం మందికే. నెలసరి లెక్క తప్పని స్త్రీకి కూడా అండం విడుదలయ్యే రోజు అటూ ఇటూ జరుగుతుంది. ‘ఇవాళ పర్వాలేదులే’ అని మాత్ర మానుకోవడానికి ఆ లెక్క చాలదు.

ఒకటికి రెండుసార్లు వేసుకుంటే పిల్లలు పుట్టరని పెద్దవాళ్లు భయపెడతారు. నెలసరి కొన్ని రోజులు అటూ ఇటూ కావడం, వికారం, తలనొప్పి ఉంటాయి. సంతానశక్తి పోతుందనడానికి ఆధారం లేదు. అయితే దీన్నే అలవాటు పద్ధతిగా పెట్టుకోకూడదనడం సరైన మాటే. రోజూ వేసుకునే మాత్రంత నమ్మకమైనది కాదిది, వేసుకున్న తర్వాతి కలయికలకు రక్షణా ఇవ్వదు. ఇంకా బలమైన అభ్యంతరం, ఇంత సులువుగా దొరికితే యువత దారి తప్పుతుందని. ముందే మాత్ర చేతికిచ్చిన స్త్రీలపై పరిశోధనలను కోక్రేన్ సమీక్ష కలిపి చూసింది. సుఖవ్యాధులు గానీ, రక్షణ లేని కలయికలు గానీ పెరగలేదు. జనాభా మొత్తం మీద గర్భాలు తగ్గలేదని కూడా అదే సమీక్ష చెప్పింది, దాన్నీ ఒప్పుకోవాలి. ఒక్కో స్త్రీకి మాత్రం ఆ రాత్రి మాత్ర దొరికిందా లేదా అన్నదే లెక్క, దొరకనివ్వకపోవడం వల్ల ఆమె నడవడి బాగుపడదు, కడుపు మాత్రం వస్తుంది.

మాత్ర వేసుకున్న 2 గంటల్లోపు వాంతి అయితే మళ్లీ వేసుకోవాలి. క్షయకు రిఫాంపిసిన్, మూర్ఛకు ఫెనిటాయిన్ వాడేవారిలో దీని బలం తగ్గుతుంది. అలాంటివారికీ, మూడు రోజులు దాటినవారికీ 5 రోజుల్లోపు వేయించుకునే కాపర్-టి మేలు. అది 99 శాతానికి పైగా ఆపుతుంది, ఆ తర్వాత ఏళ్ల తరబడి రక్షణగానూ ఉంటుంది. ఏది వాడినా నెలసరి వారం ఆలస్యమైతే ఆశా దగ్గరి నిశ్చయ్ కిట్‌తో పరీక్ష చేసుకోవాలి. గర్భం నిలిస్తే షాపులో ‘తీసే మాత్ర’ చాటుగా కొనడం చాలా ప్రమాదం. గర్భం ఫలవాహికలో నిలిచి ఉంటే ఆ మందు దాన్ని తీయదు, లోపల చిట్లి రక్తం పోతే ప్రాణం మీదికి వస్తుంది. గర్భస్రావ చట్టానికి 2021లో జరిగిన సవరణ తర్వాత పెళ్లయిందా లేదా అన్నదానితో పని లేకుండా, జాగ్రత్త విఫలమై వచ్చిన గర్భాన్ని 20 వారాల వరకు అర్హత ఉన్న డాక్టరు ఒక్కరి అభిప్రాయంతో తీయించుకోవచ్చు. 18 ఏళ్లు నిండిన స్త్రీకి తన సంతకం ఒక్కటే చాలు; ‘మీ ఆయన్ని తీసుకురామ్మా’ అని వెనక్కి పంపమని చట్టంలో ఎక్కడా లేదు.